మూడో వలయం

హిందూకుష్ నీడలో – ధారావాహిక, 17వ భాగం

2009 ఫిబ్రవరి నెలాఖరులో కాబూల్‌లో ఒక తమాషా పేచీ నడిచింది. అప్పటి ఆఫ్ఘన్ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడి పదవీకాలం జౌజా మాసం మొదటి తేదీతో, అంటే ఆ ఏడాది మే 22తో తీరిపోతుంది. పోలింగ్ అంతకు 30 నుంచి 60 రోజుల ముందే జరగాలి. ఎన్నికల సంఘం మాత్రం కొండదారుల్లో మంచు కరగాలి, భద్రత కుదురుకోవాలి అంటూ ఆగస్టు 20 తేదీ ఖాయం చేసింది. మే 22 దాటాక హమీద్ కర్జాయ్ ఏ హోదాతో గద్దె మీద కూర్చుంటాడని ప్రత్యర్థులు నిలదీశారు. కర్జాయ్ తక్కువ తిన్నవాడు కాదు. రాజ్యాంగంలో ఎలా ఉంటే అలాగే కానివ్వండంటూ, ఏప్రిల్‌లోనే ఎన్నికలు పెట్టమని ఫర్మానా జారీ చేశాడు. ఇప్పుడు గతుక్కుమనడం అడిగినవాళ్ల వంతయింది. ఆ కాస్త వ్యవధిలో ఊరూరూ తిరిగి ప్రచారం చేసుకునే సత్తా ప్రతిపక్షంలో ఎవరికీ లేదు. చివరికి ఎన్నికల సంఘం ఆగస్టు 20కే కట్టుబడింది. అంతవరకూ కర్జాయ్ కొనసాగవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది.

మంచు సంగతి నిజమే. దాని వెనక ఇంకో లెక్క కూడా ఉంది. ఆఫ్ఘనిస్తాన్‌కు మరో 17,000 మంది సైనికులను పంపుతున్నట్టు ఒబామా ఫిబ్రవరి 17న ప్రకటించాడు. వాళ్లంతా దిగి దక్షిణాన కుదురుకోవడానికి వేసవి కావాలి. ఒక దేశం తన అధ్యక్షుణ్ణి ఎన్నుకునే తేదీ, ఇంకో దేశపు మెరీన్లు విమానం దిగే తేదీ చుట్టూ తిరిగిందన్నమాట. ఇది ఎలా వచ్చిందో తెలియాలంటే అయిదేళ్లు వెనక్కి పోవాలి.

2001 డిసెంబరులో భద్రతా మండలి ఏర్పాటు చేసిన ఐసాఫ్ అనే అంతర్జాతీయ దళం మొదట్లో కాబూల్ పొలిమేర దాటేది కాదు. 2003 ఆగస్టులో నాటో దాని పగ్గాలు అందుకుంది. రాజధాని వెలుపలికి వెళ్లడానికి అక్టోబరులో భద్రతా మండలి అనుమతి వచ్చింది. అనుమతి వచ్చినంత తేలిగ్గా సైనికులు రాలేదు. 2004 జూన్‌లో మొదటి అధ్యక్ష ఎన్నికలు జరగాల్సింది. అవి సెప్టెంబరుకు, తర్వాత అక్టోబరుకు వాయిదా పడ్డాయి. పార్లమెంటు ఎన్నికలనైతే ఏకంగా మరుసటి ఏటికి నెట్టారు. జూన్ నెలాఖరులో ఇస్తాంబుల్‌లో నాటో శిఖరాగ్ర సమావేశానికి కర్జాయ్ స్వయంగా వెళ్లి, పంపే బలగాలేవో ఎన్నికలకు ముందే పంపండని బతిమాలాడు. ఆ రోజుల్లోనే జలాలాబాద్‌లో ఓటర్ల నమోదుకు బయల్దేరిన మహిళా ఉద్యోగుల బస్సులో బాంబు పేలింది. ఇంకోచోట ఓటరు కార్డులు జేబులో ఉన్నాయన్న నేరానికి మగవాళ్లను బండి దించి కాల్చేశారు.

ఇస్తాంబుల్ ఫలితంగా స్పెయిన్ నుంచి ఒక బెటాలియన్ ఉత్తరాన మజారే షరీఫ్‌కు, ఇటలీ నుంచి మరొకటి కాబూల్‌కు వచ్చాయి. ఆరున్నర వేల మంది ఉన్న ఐసాఫ్ తొమ్మిది వేలకు చేరింది. వీటితో సంబంధం లేకుండా అమెరికా సొంత సంకీర్ణ సేన, దాదాపు 18,000 మంది, తూర్పు, దక్షిణాల్లో తాలిబన్ వేటలో ఉంది. ఏపీ, తెలంగాణ రెండూ కలిపినా అంతకు రెట్టింపు వైశాల్యం దాటే దేశానికి ఈ బలగం ఏమూల?

అయినా 2004 అక్టోబరు 9 దాదాపు ప్రశాంతంగా గడిచిపోయింది. 81 లక్షల మంది ఓటేశారు. వాళ్లలో 40 శాతం దాకా స్త్రీలు. పాకిస్తాన్, ఇరాన్‌లలో తలదాచుకుంటున్న శరణార్థులకూ అక్కడే పెట్టెలు పెట్టారు. బాంబుల కంటే సిరా ఎక్కువ గొడవ చేసింది. వేలికి పూసిన గుర్తు కడిగితే పోతోందని మధ్యాహ్నానికల్లా కర్జాయ్ ప్రత్యర్థులు చాలామంది పోలింగ్‌ను బహిష్కరించారు. బ్యాలెట్ మీద గుర్తు పెట్టడానికి ఇచ్చిన మామూలు పెన్నులను కొన్ని కేంద్రాల్లో వేళ్లకు పూశారని తర్వాత తేలింది. ముగ్గురు విదేశీ నిపుణులు విచారించి, ఫలితం తారుమారయ్యేంత తప్పేమీ లేదన్నారు. కర్జాయ్ 55.4 శాతంతో నెగ్గాడు. ఓట్ల లెక్కింపు ఎక్కడపడితే అక్కడ జరగలేదని గుర్తుపెట్టుకోండి. దేశమంతటి పెట్టెలనూ ఎనిమిది ప్రాంతీయ కేంద్రాలకు చేర్చి, పరిశీలకుల కళ్లెదుట లెక్కబెట్టారు.

2005 పార్లమెంటు ఎన్నికలకూ ఇలాగే అదనపు బలగాలు తెప్పించారు. ఈసారి స్పెయిన్, నెదర్లాండ్స్, రొమేనియా బెటాలియన్లు పంపాయి. పోలింగుకు నెల ముందు హెరాత్ దగ్గర స్పెయిన్ హెలికాప్టర్ కూలి 17 మంది సైనికులు చనిపోయారు. ఎన్నికలు ముగియగానే అదనంగా వచ్చినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు.

బ్రసెల్స్‌లోనూ వాషింగ్టన్‌లోనూ దీన్నుంచి ఒక పాఠం తీసుకున్నారు: ముప్పు ఉన్నచోట పోలింగుకు ముందు నాలుగు బెటాలియన్లు దించితే ఎన్నిక గట్టెక్కుతుంది. నా ఉద్దేశంలో అది తప్పుడు పాఠం. 2004లో తాలిబన్లు ఇంకా చెల్లాచెదురుగా ఉన్నారు. పాతికేళ్ల యుద్ధంతో విసిగిపోయిన జనం పండగకు వెళ్లినట్టు వెళ్లి ఓటేశారు. ఆ రోజును కాపాడినది ఇటలీ బెటాలియనో, క్యూలో నిలబడ్డ జనం సంఖ్యో చెప్పడం కష్టం. సైన్యాలు మాత్రం ఆ ఘనతను తమ ఖాతాలో రాసుకున్నాయి.

2009 నాటికి పరిస్థితి పూర్తిగా వేరు. గత భాగాల్లో చూసినట్టు హెల్మండ్, కాందహార్, జాబూల్, ఉరుజ్‌గాన్‌లలో చాలా జిల్లాల్లో ప్రభుత్వం అంటే జిల్లా కేంద్రంలో ఒక కోట, దాని మీద ఒక జెండా. అంతే. విదేశీ సేనలు అన్నీ కలిపి లక్షకు చేరువయ్యాయి. ఏప్రిల్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో కలిసిన నాటో దేశాలు ఎన్నికల కోసమే ప్రత్యేకంగా మరో మూడు వేల మందిని ఇస్తామన్నాయి. జూన్‌లో జనరల్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్ సేనాధిపతిగా వచ్చాడు.

భద్రతా ప్రణాళిక కాగితం మీద చక్కగా ఉంది. పోలింగ్ కేంద్రాన్ని చుట్టి మూడు వలయాలు. గుమ్మం దగ్గర ఆఫ్ఘన్ పోలీసులు, ఊరి చుట్టూ ఆఫ్ఘన్ సైన్యం, కనుచూపు మేరకు అవతల మూడో వలయంగా ఐసాఫ్. లోపలివాళ్లు పిలిస్తే తప్ప విదేశీ సైనికుడు కేంద్రం దరిదాపులకు రాకూడదు. ఇందులో రాజకీయ జ్ఞానం ఉంది. విదేశీ తుపాకీ నీడలో వేసిన ఓటు చెల్లదని తాలిబన్లు అప్పటికే చాటుతున్నారు. ఆ మాటకు బలం చేకూర్చే ఫోటో ఒక్కటి కూడా దొరక్కూడదు. అందుకే పోలింగ్ రోజున సొంతంగా దాడులేవీ చేపట్టబోమని ఐసాఫ్ ముందే ప్రకటించింది. వాయవ్యాన బాద్గీస్‌లో అయితే జూలైలో ప్రభుత్వమే స్థానిక తాలిబన్లతో కాల్పుల విరమణ కుదుర్చుకుంది. సైన్యం చేయలేని పని ఊరిపెద్దల రాయబారం చేస్తుందేమోనన్న ఆశ.

ఆ మూడో వలయం పనిచేయాలంటే ముందు ఊళ్లు చేతికి రావాలి. అలా మొదలైంది హెల్మండ్ వేసవి.

జూన్ 19 రాత్రి బ్లాక్ వాచ్ పటాలానికి చెందిన 350 మంది దాకా స్కాట్ సైనికులు చినూక్ హెలికాప్టర్లలో బాబాజీ దగ్గర దిగారు. లష్కర్‌గాహ్ పట్టణానికి ఉత్తరాన కాలవలూ దానిమ్మ తోటలూ మట్టి గోడలూ ఉన్న పంటభూముల ప్రాంతమది. బ్రిటన్ ఈ చర్యకు 'చిరుతపంజా' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, మూడు వేల మందిని దించింది. జూలై 2న దక్షిణాన నాలుగు వేల మంది అమెరికన్ మెరీన్లు 'ఖంజర్' పేరుతో హెల్మండ్ నది వెంబడి ఇంకో దాడి మొదలుపెట్టారు. వాళ్ల వెంట ఉన్న ఆఫ్ఘన్ సైనికులు 650 మందే. ముందు ఆఫ్ఘన్లు, వెనక మనం అన్న మూడు వలయాల సూత్రం ఇక్కడే తలకిందులైంది.

బాబాజీలో తాలిబన్లు ఎదురు నిలబడి పోరాడింది తక్కువ. కాలవగట్ల మీది మట్టి దారుల్లో మందుపాతరలు పాతి తప్పుకున్నారు. జూలై 1న వెల్ష్ గార్డ్స్ కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ రూపర్ట్ థోర్న్‌లో ప్రయాణిస్తున్న వాహనం ఒక కాలవగట్టు మీద పేలిపోయింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత బెటాలియన్ స్థాయి కమాండర్‌ను బ్రిటన్ యుద్ధంలో పోగొట్టుకోవడం అదే మొదటిసారి. నెలాఖరుకు చర్య ముగిసిందన్నారు. అప్పటికి ఆ ఒక్క చర్యలోనే పదిమంది బ్రిటిష్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు వేరు. వేల మంది ఆఫ్ఘన్లు ఇక నిర్భయంగా ఓటేయగలరని లండన్‌లో మంత్రులు చెప్పుకున్నారు.

ఆగస్టు 20న బాబాజీలో ఓటేసినవాళ్లు సుమారు 150 మంది అని పత్రికలు రాశాయి. ఆ చర్య ఎన్నికల కోసం మాత్రమే కాదని, లష్కర్‌గాహ్‌ను కాపాడటం దాని అసలు లక్ష్యమని బ్రిటిష్ అధికారులు వివరణ ఇచ్చుకున్నారు. అందులో అబద్ధం లేదు. అయితే ఆ వివరణ అప్పుడు వినిపించినంత గట్టిగా జూన్‌లో వినిపించలేదు. జూన్‌లో అందరి నోటా ఎన్నికల మాటే. సైనికులు ఊరు పట్టుకున్నారు, కాలవ మీది వంతెనలు పట్టుకున్నారు. రాత్రికి మనిషి ఇంటికి తిరిగి వెళ్లే దారిని మాత్రం పట్టుకోలేకపోయారు. వేలి మీది సిరా వారం రోజులైనా పోదు. సైనికుడి గస్తీ సాయంత్రానికి స్థావరానికి పోతుంది. సిరా ఉన్న వేళ్లు నరుకుతామని తాలిబన్లు చీకట్లో కరపత్రాలు అంటించి వెళ్లిన ఊళ్లో రైతు ఏ లెక్క వేసుకుంటాడో వేరే చెప్పనక్కర్లేదు. కాందహార్ ప్రాంతంలో ఇద్దరు ఓటర్ల వేళ్లు నిజంగానే నరికారని ఆఫ్ఘన్ పరిశీలక సంస్థ ఫెఫా తర్వాత చెప్పింది.

పోలింగుకు అయిదు రోజుల ముందు, కాబూల్‌లో ఐసాఫ్ ప్రధాన కార్యాలయం గేటు దగ్గరే కారుబాంబు పేలి ఏడుగురు చనిపోయారు. మూడో వలయానికి కాపలా పెట్టేవాళ్లకే కాపలా లేదని తాలిబన్లు చెప్పదలిచిన మాట అది. ఇటు ప్రభుత్వం పోలింగ్ రోజు ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు హింస వార్తలు వేయవద్దని పత్రికలను ఆదేశించింది. ఆ రోజు దేశవ్యాప్తంగా 400 దాకా దాడులు జరిగాయి. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కల్లోనే 26 మంది. బగ్లాన్‌లో పోరు సాయంత్రం దాకా సాగి పోలీసు అధికారి బలయ్యాడు. అంత హింసలోనూ 6,200 దాకా పోలింగ్ కేంద్రాలు తెరుచుకున్నాయని సాయంత్రం అధికారులు ప్రకటించారు. ఎన్నిక జరిగిపోయింది, తాలిబన్లు ఆపలేకపోయారు అంటూ నాటో, కాబూల్, వాషింగ్టన్ ఒకరినొకరు అభినందించుకున్నాయి.

అసలు కథ ఆ 6,200 అన్న అంకెలోనే ఉంది.

సైన్యానికి గెలుపు కొలవడానికి ఒక అంకె కావాలి. ఎన్ని కేంద్రాలు తెరిచాం అన్నదే ఆ అంకె అయింది. ఎన్ని ఎక్కువ తెరిస్తే తాలిబన్ల మీద అంత గెలుపు. అందుకే పోలీసుగానీ సైనికుడుగానీ ఎన్నికల ఉద్యోగిగానీ ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లలోని కేంద్రాలు కూడా జాబితాలో మిగిలిపోయాయి. ఐక్యరాజ్యసమితి కాబూల్ కార్యాలయంలో రెండో స్థానంలో ఉన్న అమెరికన్ పీటర్ గాల్‌బ్రెయిత్ జూలైలోనే ఇలాంటి 1,500 కేంద్రాలను ఎత్తేయమని పట్టుబట్టినట్టు తర్వాత రాసుకున్నాడు. ఆఫ్ఘన్ మంత్రులు అభ్యంతరం చెప్పారు. పైఅధికారి, నార్వే దౌత్యవేత్త కై ఐడే, ఆ మాట ఇక ఎత్తవద్దన్నాడు. ఐడే వైపు నుంచి చూస్తే వాదన లేకపోలేదు: ఆ కేంద్రాలన్నీ దాదాపు దక్షిణ పష్తూన్ ప్రాంతాల్లోవి. వాటిని మూసేస్తే దేశంలోని అతిపెద్ద జాతికి ఓటు లేకుండా చేసినట్టే. ఇద్దరి మాటా సగం నిజమే. సెప్టెంబరు 30న గాల్‌బ్రెయిత్ ఉద్యోగం ఊడింది.

ఎవరూ వెళ్లలేని ఊరి కేంద్రానికి ఎవరు వెళతారు? అక్కడ తాలిబన్ల భయంతో ఓటరు రాడు. ప్రత్యర్థి ఏజెంటు రాడు, యూరప్ పరిశీలకుడు రాడు, మూడో వలయంలోని సైనికుణ్ణి పిలిచే నాథుడూ లేడు. పెట్టె మాత్రం వస్తుంది, బ్యాలెట్లు వస్తాయి. కొన్నిచోట్ల కేంద్రం తెరవనే లేదు. ఎవరి ఇంట్లోనో ఓట్లు పడిపోయాయి. రిగ్గింగుకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. తాలిబన్లు ఖాళీ చేసిన గదిని స్థానిక పెద్దమనుషులు నింపారు. తుపాకుల కోసం వేసిన భద్రతా పటమే దొంగ ఓట్ల పటంగా పనికొచ్చింది.

దీనికి రెండు విషయాలు కలిసొచ్చాయి. ఒకటి, అప్పట్లో ఆ దేశంలో పోలింగ్ కేంద్రాలవారీ ఓటర్ల జాబితా లేదు. కార్డు ఉంటే ఎక్కడైనా ఓటేయవచ్చు. 2004 నుంచి జారీ చేసిన కార్డులు కోటి 70 లక్షలకు చేరాయి. అర్హులైన ఓటర్లే అంతమంది ఉండరని అప్పట్లో అంచనా. స్త్రీల కార్డుకు ఫోటో తప్పనిసరి కాదు. ఆడవాళ్లు గడప దాటని కొన్ని ప్రాంతాల్లో మగవాళ్లకంటే ఆడవాళ్ల కార్డులే ఎక్కువ తేలాయి. బజారులో కార్డులు అమ్మకానికి కూడా దొరికాయి. రెండోది, 2004లో మాదిరిగా పెట్టెలను ప్రాంతీయ కేంద్రాలకు తీసుకెళ్లకుండా, ఈసారి ఏ కేంద్రం ఓట్లు ఆ కేంద్రంలోనే లెక్కబెట్టారు. దారిలో పెట్టెలు మారిపోతాయన్న భయానికి విరుగుడుగా తెచ్చిన పద్ధతిది. ఫలితం: పెట్టె పుట్టినచోటే నిండి, నిండినచోటే లెక్కకెక్కింది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావచ్చు. అదే 2009లో, నాలుగు నెలల ముందే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 16న, 23న రెండు విడతల్లో పోలింగ్ జరిగింది. దేశం మొత్తం మీద అయిదు విడతలు. ఉన్న కేంద్ర బలగాలనే ఒకచోట నుంచి ఇంకోచోటికి తిప్పుకోవడానికే ఆ విడతలు. ఆఫ్ఘనిస్తాన్‌లో అలా ఎందుకు చేయలేదు? జాబితా లేని దేశంలో రెండు రోజులు పోలింగ్ పెడితే ఒకే కార్డు రెండు రోజులూ తిరుగుతుంది. ఓట్లు పడ్డ పెట్టెలను వారాల తరబడి దాచాలి. ఆ దాచే గది తాళంచెవి ఎవరి దగ్గరున్నా మిగతావాళ్లు నమ్మరు. కాబట్టి ఒక్కరోజే, అంతటా, ఒకేసారి. లక్షమంది విదేశీ సైనికులున్నా ఆ ఒక్కరోజున వాళ్లు పలచబడిపోయారు. ఎన్నికల సామగ్రి మోయడానికి 3,000కు పైగా గాడిదలను కూడా వాడిన దేశంలో, ఏ ఊరినుంచి పిలుపు వచ్చినా గంటలో చేరడం మూడో వలయం వల్ల అయ్యే పని కాదు.

ఫలితాలు వస్తున్నకొద్దీ అంకెలు మాట్లాడసాగాయి. ఒక్కో పోలింగ్ బూత్‌కు ఇచ్చింది 600 బ్యాలెట్లు. సరిగ్గా 600 ఓట్లూ, అవీ ఒక్కడికే పడ్డ పెట్టెలు కుప్పలుగా తేలాయి. యూరప్ పరిశీలక బృందానికి నాయకుడు ఫ్రెంచి జనరల్ ఫిలిప్ మొరియోఁ. బోస్నియా యుద్ధంలో స్రెబ్రెనిత్సా జనానికి రక్షణ ఇస్తానని మాటిచ్చి వెళ్లిన సేనాని ఆయనే; సైనికుడి హామీకి ఎంత బరువుంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 15 లక్షల ఓట్లు అనుమానాస్పదమని ఆయన బృందం ప్రకటించింది. అందులో 11 లక్షలు కర్జాయ్‌వి, 3 లక్షలు ఆయన ప్రధాన ప్రత్యర్థి అబ్దుల్లా అబ్దుల్లావి. రెండు వైపులా చేతివాటం ఉంది; ఒక చేయి పొడవు, అంతే.

కెనడాకు చెందిన గ్రాంట్ కిప్పెన్ అధ్యక్షుడిగా ఉన్న ఫిర్యాదుల కమిషన్ అనుమానిత పెట్టెల్లో కొన్నింటిని కాబూల్‌కు తెప్పించి తెరిచింది. మడత పడని బ్యాలెట్లు బయటపడ్డాయి. పెట్టె మూతకున్న సన్నటి చీలికలో మడవని కాగితం పట్టదు. అంటే మూత తీసే వేశారు. ఒకే చేత్తో, ఒకే తీరున గుర్తు పెట్టిన కట్టలు కనిపించాయి. అన్నీ లెక్కతేల్చాక దాదాపు 13 లక్షల ఓట్లు చెల్లకుండా పోయాయి. కర్జాయ్ వాటా 54.6 శాతం నుంచి 49.67కు జారింది. సగానికి అర శాతం కూడా కాదు, అంతకన్నా తక్కువ తేడా.

సగం దాటకపోతే రెండో విడత పోటీ తప్పదు. అంత స్వల్ప తేడాకు కర్జాయ్ తలవంచలేదు. అమెరికన్ సెనేటర్ జాన్ కెర్రీ రోజుల తరబడి అధ్యక్ష భవనంలో, తోటలో వెంట నడిచి నచ్చజెప్పాక అక్టోబరు 20న రెండో విడతకు ఒప్పుకున్నాడు. తేదీ నవంబరు 7. మళ్లీ మంచు ముంచుకొస్తోంది. మళ్లీ బ్యాలెట్లు ముద్రించి, పెట్టెలు మోసి, వలయాలు కట్టాలి. మొదటి విడతలో ప్రాణాలు పోగొట్టుకున్న ఊళ్లకే పటాలాలు మళ్లీ పోవాలి. అక్టోబరు 28 తెల్లవారుజామున కాబూల్‌లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగులు బసచేసిన బఖ్తార్ అతిథిగృహం మీద పోలీసు దుస్తుల్లో వచ్చిన తాలిబన్లు దాడి చేశారు. అయిదుగురు ఐరాస సిబ్బంది చనిపోయారు. రెండో విడతను అడ్డుకోవడమే తమ ఉద్దేశమన్న సంగతి వాళ్లు దాచుకోలేదు.

అడ్డుకున్నది మాత్రం వాళ్లు కాదు. మొదటి విడతను నడిపిన ఎన్నికల సంఘం అధ్యక్షుడు అజీజుల్లా లుదీన్‌ను తప్పిస్తేనే పోటీలో ఉంటానని అబ్దుల్లా షరతు పెట్టాడు. కర్జాయ్ కుదరదన్నాడు. నవంబరు 1న అబ్దుల్లా తప్పుకున్నాడు. మర్నాడు అదే సంఘం, అదే లుదీన్ సారథ్యంలో, కర్జాయ్ గెలిచాడని ప్రకటించింది. ఏ వలయమూ కట్టే పని లేకుండానే.

వాషింగ్టన్‌లో ఈ రెండున్నర నెలలూ ఒబామా బల్ల మీద మెక్‌క్రిస్టల్ నివేదిక నానుతూనే ఉంది. ఇంకా సైన్యం కావాలి, లేకపోతే ఓడిపోతాం అన్నది దాని సారం. దొంగ ఓట్లతో నెగ్గిన ప్రభుత్వం కోసం ఇంకెంతమందిని పంపడమని కాబూల్‌లోని అమెరికా రాయబారి కార్ల్ ఐకెన్‌బెర్రీ నవంబరులో రహస్య తంతి రాశాడు. ఈయన కూడా అంతకుముందు ఆఫ్ఘనిస్తాన్‌లో సేనలు నడిపిన జనరలే. డిసెంబరు 1న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఒబామా తన నిర్ణయం చెప్పాడు: మరో 30,000 మంది. మొదటి జత పటాలాలు హెల్మండ్‌లోనే, బాబాజీకి నైరుతిగా ఉన్న మార్జా అనే ఊరి మీదికి నడిచాయి.

(వచ్చే భాగం: మార్జా)